మూడు లైన్ల తర్వాత

లిఫ్టులో ఇరుక్కున్న మనిషి మొదట అరుస్తాడు, తర్వాత గోడల మీద బాదుతాడు, ఆ తర్వాత దేవుణ్ణి తలుచుకుంటాడు. ఈ మూడూ అయ్యాకే లిఫ్టు మెకానిక్కి ఫోను చేస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఫోను ఎత్తుతున్న మనిషి కథ ఇది.

అతనికి నలభై ఎనిమిదేళ్ళు. ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో గ్రీజు పోదు. ఊళ్ళో సగం మేడల లిఫ్టులు అతని చేతి చలవతోనే నడుస్తున్నాయి. మధ్యాహ్నం కాస్త తెరిపి దొరికితే ఏదో ఒక మేడ మీది మోటారు గదిలో, తిరగేసిన బకెట్టు మీద కూర్చుని, ఫోన్లో కథలు రాసుకునేవాడు. కలం పేరు 'పై అంతస్తు'. పదమూడేళ్ళలో అరవై ఒక్క కథలు రాశాడు. పేరు కోసం కాదు, బహుమతుల కోసం అంతకన్నా కాదు. అతనికి కావలసింది ఒక్కటే: ఏదో ఒక కథని, ఎవరో ఒకరు, చివరిదాకా చదవాలి. ఇదేమంత పెద్ద కోరికని మీకనిపిస్తే, మీరు ఎన్నడూ కథ రాసి ఉండరు.

ఇంట్లో భార్య ఉంది కదా అంటారేమో. ఆవిడ నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే గుమాస్తా. "రోజంతా ఫోన్లో జనం చెప్పేది చివరిదాకా వింటానండీ. అది ఉద్యోగం. ఇంటికొచ్చి కూడానా?" అని పెళ్ళైన కొత్తలోనే తేల్చి చెప్పేసింది. ఆవిడ మాటలోనూ న్యాయం ఉంది.

ఇక మిగిలింది గుంపు. ఇంటర్నెట్‌లో ఔత్సాహిక రచయితలు పెట్టుకున్న గుంపు అది. రెండు వందల నలభై మంది సభ్యులు, దాదాపు అందరూ రాసేవాళ్ళే. అక్కడో నియమం ఉంది. కథ పెట్టాలంటే ముందు ఇతరుల కథల మీద మూడు అభిప్రాయాలు రాయాలి. ఒకరినొకరు చదువుకుంటారన్న సదుద్దేశంతో పెట్టిన నియమమే. కానీ గుంపు పేజీలో ప్రతి కథకీ మొదటి మూడు లైన్లే కనిపిస్తాయి. కింద 'ఇంకా చదవండి' అని ఉంటుంది. దాన్ని నొక్కితే మిగతా కథ తెరుచుకుంటుంది. నొక్కే నాథుడు లేడు. మూడు లైన్లు చూసి 'అద్భుతం సార్', 'గుండె బరువెక్కింది మేడమ్', 'ముగింపు అస్సలు ఊహించలేదు' అని మూడు ముక్కలు విసిరేసి, తమ కథ పెట్టుకుని, ఎవరు చదువుతారా అని గుడ్లప్పగించి కూర్చోవడం అందరి పనీ.

అలాగని వాళ్ళ మధ్య ప్రేమలకి లోటేం లేదు. ఒకరికి పంటి నొప్పి వస్తే ఇరవై మంది చిట్కాలు చెబుతారు. ఒకరి పిల్లకి పరీక్ష అంటే ముందు రోజే అభినందనలు మొదలు. మన పై అంతస్తుగారు మాత్రం తక్కువ తిన్నారా? ఐదు వేల అభిప్రాయాలు రాసి, 'ఉత్తమ పాఠకుడు' అన్న ప్రశంసాపత్రం కొట్టేశారు. అది పోస్టులో సరాసరి ఇంటికే వచ్చింది. ఆ అడ్రసే తర్వాత కొంప ముంచింది.

అరవై రెండో కథని అతను మూడు నెలలు చెక్కాడు. పేరు 'ప్రకటన'. ఇంటికి మనుషులెవరూ రావడం లేదని విసిగిపోయిన ఒక భార్య, బతికున్న భర్త పోయాడని అతని ఇంటర్నెట్ ఖాతాలోనే ప్రకటన ఇస్తుంది. జనం విరగబడి వస్తారు. భర్త తలుపు వెనక నిలబడి అన్నీ వింటుంటాడు. కథ ఆ ప్రకటనతోనే మొదలవుతుంది.

'మిత్రులందరికీ నమస్కారం. నేను ఈ ఖాతాదారుగారి భార్యను. మావారు నిన్న మధ్యాహ్నం పనిలో ఉండగానే కన్నుమూశారని తెలియజేయడానికి ఎంతో చింతిస్తున్నాను.'

సరిగ్గా మూడు లైన్లు. నాలుగో లైన్లో ఆ చచ్చిన మనిషే నా తువ్వాలేదీ అని స్నానాల గదిలోంచి అరుస్తాడు. కానీ నాలుగో లైను ఎవరిక్కావాలి!

సోమవారం పొద్దున్న కథ పెట్టేసి, ఒక బట్టల దుకాణంలో లిఫ్టు నెత్తికెక్కి తాళ్ళు చూస్తుండగా జేబులో ఫోను కొట్టుకోవడం మొదలెట్టింది. తీసి చూస్తే నూట పద్నాలుగు అభిప్రాయాలు. అతని జన్మలో అన్ని రాలేదు. మొదటిది చదివాడు: 'తీరని లోటు.' ఇదేదో కొత్త రకం మెచ్చుకోలు అనుకున్నాడు. రెండోది: 'ఆయన ఆత్మకు శాంతి కలగాలి.' పదోదానికి వచ్చేసరికి విషయం అర్థమైంది. నూట పద్నాలుగు మందిలో ఒక్క మహానుభావుడు మాత్రం మూడు లైన్లు చదవడానికి కూడా బద్ధకించి, 'చాలా బాగుంది, ఇలాంటివి మరిన్ని రాయాలి' అని ఆశీర్వదించాడు.

'నేను బతికే ఉన్నానండీ, అది కథ' అని రాశాడు అతను.

నిమిషంలో జవాబు వచ్చింది. 'అమ్మా, మనసు అలాగే చెబుతుంది. ధైర్యం తెచ్చుకోండి.'

'నేను భార్యని కాదు మహాప్రభో, నేనే!'

'పాపం, ఆయనే తానై మాట్లాడుతున్నారు. ఎంత అన్యోన్యమైన దాంపత్యం!' అని ఇంకొకరు కళ్ళు తుడుచుకున్నారు.

మధ్యాహ్నానికల్లా గుంపు అధ్యక్షులవారు ఆ ఖాతాకి నివాళిగా తాళం వేసేశారు. పోయినవారి ఖాతాలో వేరొకరు రాయకూడదట. కొత్త ఖాతా తెరుద్దామంటే ఇద్దరు సభ్యుల సిఫారసు కావాలి. ఒక్కరి ఫోను నంబరూ అతని దగ్గర లేదు. పదమూడేళ్ళ స్నేహాలన్నీ ఆ పేజీలోనే ఉన్నాయి, ఆ పేజీకి తాళం పడింది.

సాయంత్రం ఇంటికొచ్చి భార్యతో అన్నాడు, "నేను పోయానట."

"పోతే పోయారు గానీ, కూరగాయలు తెచ్చారా?" అంది ఆవిడ.

ఒకటి రెండు రోజులు తల పట్టుకున్నాడు. తాళం రాయడానికే గానీ చూడ్డానికి లేదు కనక, గురువారం పేజీ తెరిచి చూస్తే అధ్యక్షులవారి ప్రకటన ఒకటి కనిపించింది. 'మన పై అంతస్తుగారి అరవై రెండు కథలతో సమగ్ర సంపుటి అచ్చు వేయిస్తున్నాం. ఆదివారం వారి ఇంటికి వెళ్ళి కుటుంబానికి అందజేస్తాం.'

అతను బకెట్టు మీంచి లేచి నిలబడిపోయాడు. పుస్తకం! పుస్తకం వేయాలంటే ఎవరో ఒకరు అచ్చుతప్పులు దిద్దాలి. దిద్దాలంటే చదవాలి. చివరిదాకా చదవాలి! ఇన్నాళ్ళూ బతికి సాధించలేనిది నాలుగు రోజులు చచ్చి సాధించాడన్నమాట. పుస్తకం చేతికొచ్చేదాకా చావులోనే ఉండిపోవడం మంచిదని నిశ్చయించుకున్నాడు. ఇందులో తప్పేమీ అతనికి కనిపించలేదు, నిజం చెప్పాలంటే నాకూ కనిపించడం లేదు.

ఆదివారం నాలుగింటికి తలుపు చప్పుడైంది. తీశాడో లేదో, ఆరడుగుల మనిషి ఒకడు, గుబురు మీసాలవాడు, అమాంతం మీద పడి వాటేసుకుని భోరుమన్నాడు. లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తాట. ఊపిరాడక గిలగిల్లాడుతున్న మెకానిక్కి పక్కనున్న పెద్దమనిషి పరిచయం చేశాడు. "ఈయనే మా 'వెన్నెల'గారండీ. పై అంతస్తుగారితో చాలా దగ్గర."

మెకానిక్ కళ్ళు తేలేశాడు. తొమ్మిదేళ్ళుగా వెన్నెలని 'చెల్లెమ్మా' అని పిలుస్తున్నాడు. ఎండలో తిరగకమ్మా అని జాగ్రత్తలు కూడా చెప్పాడు.

"మీరు అన్నగారు కదూ?" అన్నాడు ఆ పెద్దమనిషి. ఈయన కళ్ళజోళ్ళ దుకాణం యజమాని, గుంపు అధ్యక్షులు. "చూడగానే పట్టేశాను. అవే పోలికలు."

ఏం పోలికలో ఏమో! గుంపులో మెకానిక్ తన ఫోటో బదులు లిఫ్టు మీటల పలక ఫోటో పెట్టుకున్నాడు. అయినా అతను తలూపేశాడు. "అవునండీ. అన్నయ్యని."

వాళ్ళ వెనక మూడో మనిషి ఉంది. సన్నగా, మెడలో కొలత టేపుతో, దుకాణం నుంచి సరాసరి వచ్చినట్టుంది. బట్టలు సరిచేసే దర్జీ. "ఈవిడ 'సున్నా'" అన్నారు అధ్యక్షులవారు, గొంతు కాస్త తగ్గించి. గుంపులో ఆ పేరు అందరికీ తెలుసు. ఎనిమిదేళ్ళుగా సభ్యురాలు. రాసిన కథలు సున్నా, పెట్టిన అభిప్రాయాలు సున్నా. ఉలకదు, పలకదు. ఇలాంటివాళ్ళని తీసేయాలని పోయినేడాది ఓటింగు పెడితే, తీసేయమని మొట్టమొదట చెయ్యెత్తింది మన పై అంతస్తుగారే. ఆవిడ తలుపు పక్కనున్న స్టూలు మీద కూర్చుని, మెకానిక్ మొహంలోకి ఒకసారి చూసి, తల దించుకుంది.

అంతలో భార్య తలారబోసుకుంటూ, ఏదో పాట కూనిరాగం తీస్తూ లోపలినుంచి వచ్చింది. ముగ్గురూ లేచి నిలబడి చేతులు జోడించారు.

"ఎంత గుండె నిబ్బరమమ్మా మీది!" అన్నాడు వెన్నెల, మీసాలు తుడుచుకుంటూ.

ఆవిడ మొగుడి వంక చూసింది. మొగుడు కళ్ళతోనే బతిమాలాడు. ఫిర్యాదుల గుమాస్తాకి సగం మాటతో సంగతంతా అందుకోవడం అలవాటే. ఒక నిట్టూర్పు విడిచి, "పోయినాయన చాలా మంచివారండీ. ఉన్నాయన సంగతే చెప్పలేను" అని, "బావగారూ, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు మీరే ఇవ్వండి" అంటూ లోపలికెళ్ళిపోయింది.

అప్పుడు తీశారు అధ్యక్షులవారు, సంచిలోంచి పుస్తకం. తీశారు అనడమే గానీ, అది అరచేతిలో ఇమిడిపోయింది. పట్టుమని పాతిక పేజీలు లేవు.

"అరవై రెండు కథలూ ఇందులోనేనా?" అన్నాడు మెకానిక్.

"ఒక్కటి కూడా వదల్లేదండీ. పేజీ మీద కనిపించినవి కనిపించినట్టు అచ్చేయించాం. అక్షరం మార్చలేదు. మీవాడి గొప్పతనమే అదండీ, క్లుప్తత!"

మెకానిక్ పుస్తకం తెరిచాడు. మొదటి కథ, మూడు లైన్లు, కింద 'ఇంకా చదవండి'. రెండో కథ, మూడు లైన్లు, 'ఇంకా చదవండి'. అరవై రెండు కథలకీ అరవై రెండుసార్లు అంతే. పదమూడేళ్ళ బతుకు ఆ బుల్లి పుస్తకంలో కత్తిరించి పోసినట్టుంది. అతనికి ఏడుపు రాలేదు, అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా పళ్ళ బిగువున అడిగాడు.

"ఈ 'నీళ్ళ ట్యాంకు' కథ ఉందే. చివర్లో ఏమవుతుందండీ?"

"ఆ చిట్టి ట్యాంకు మెట్లెక్కుతుంది కదండీ..." అధ్యక్షులవారు పైకప్పు వంక చూశారు. "కష్టపడి ఎక్కుతూ ఎక్కుతూ, చివరికి పెద్ద డాక్టరవుతుంది."

"కాదండీ!" అన్నాడు వెన్నెల. "దూకేస్తుంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు."

"చిట్టి అంటే పిల్లి" అన్నాడు మెకానిక్. "నాలుగో లైన్లో పాలు తాగుతుంది."

మెకానిక్ స్టూలు వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. చివర్లో ఏమవుతుంది?"

"నన్నడక్కండి" అంది సున్నా మెల్లగా. "నేను చెప్పకూడదు."

తెలియకపోతే తెలియదనొచ్చు కదా, ఈ బడాయి దేనికి అనుకున్నాడు అతను. ఇంకో ఐదు నిమిషాలకి ముగ్గురూ లేచారు. వెన్నెల మళ్ళీ వాటేసుకున్నాడు. అధ్యక్షులవారు అన్నగారి భుజం తట్టారు. నాలుగో అంతస్తు వరండాలో లిఫ్టెక్కి, మడత జాలీ తలుపు లాక్కుని, కిందికి బయల్దేరారు.

మెకానిక్ జేబులో ఎప్పుడూ ఒక తాళంచెవి ఉంటుంది. పాత లిఫ్టుల్లో వరండా వైపు తలుపు తాళం తీసి బెత్తెడు జరిపితే చాలు, లిఫ్టు ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. మనుషులు పడిపోకుండా పెట్టిన ఏర్పాటు అది. అతను జరిపాడు. ఇరవై రెండేళ్ళుగా లిఫ్టుల్లోంచి మనుషుల్ని బయటికి తీసిన చేత్తో, మొదటిసారి ముగ్గుర్ని ఇరికించాడు.

లిఫ్టు భుజాలెత్తు దిగి ఆగింది. వరండా గచ్చుకి సరిగ్గా మూడు మొహాలు కనిపిస్తున్నాయి, జాలీ అవతల.

"అన్నగారూ! లిఫ్టు ఆగిపోయింది!" అని అరిచారు అధ్యక్షులవారు.

"ఆగిపోలేదు, ఆపాను" అంటూ మెకానిక్ గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఫోను తీశాడు. "కథ చదువుతాను. పూర్తయ్యాకే కదుల్తుంది. లైటుంది, ఫ్యానుంది, మీకేం భయం లేదు."

"తమ్ముడుగారి కథా?"

"తమ్ముడూ లేడు, అన్నా లేడు. పై అంతస్తుని నేనే. అది కథ అని మొదటిరోజే మొత్తుకున్నాను. మీరు నాలుగో లైను చదివి ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్ళే కాదు."

అధ్యక్షులవారి మొహంలో నెత్తురుచుక్క లేదు. "మరి పుస్తకం మీద జయంతి, వర్ధంతి తేదీలు కూడా వేయించేశాం కదండీ!" అన్నారు దిగాలుగా.

"బతికే ఉన్నావా అన్నయ్యా!" వెన్నెల జాలీ సందుల్లోంచి వేళ్ళు చాపి మెకానిక్ పాదం పట్టుకుని మళ్ళీ బావురుమన్నాడు. సంతోషంతో ఏడిచి ఏడిచి, ఉన్నట్టుండి ఆపేశాడు. అతని మొహం మారింది. "ఒక్కమాట. పోయినేడాది నా 'వంతెన' కథకి నువ్వేం రాశావో గుర్తుందా?"

"బాగుందనే రాసి ఉంటాను."

"'ముగింపు కంటతడి పెట్టించింది' అని రాశావు. ఆ కథకి ముగింపే లేదు అన్నయ్యా. నాకు తోచక మధ్యలో ఆపేశాను. సలహా అడుగుదామనే పెట్టాను. సగం వాక్యంలో ఉంది."

ఐదు వేల అభిప్రాయాలు. ఒక్కసారైనా ఆ 'ఇంకా చదవండి' నొక్కాడా? గోడకున్న ప్రశంసాపత్రం తలుచుకుంటే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఇంతసేపూ ఎవరి మీద మండిపడ్డాడో, వాళ్ళలో మొదటివాడు తనే.

"పోనీలెండి. తలుపు మూసేస్తాను, వెళ్ళండి" అన్నాడు తల దించుకుని.

"ఎక్కడికి వెళ్ళేది?" అన్నాడు వెన్నెల. "ఎలాగూ ఇరుక్కున్నాం. చదువు. తర్వాత నా వంతెన సంగతి నువ్వు వినాలి."

ఆ సందడికి భార్య బయటికొచ్చింది. ఏం జరిగిందని అడగలేదు. మూడు గ్లాసుల నీళ్ళు జాలీ సందుల్లోంచి జాగ్రత్తగా అందించి, "పెద్దదేనండీ, ముందే తాగేయండి" అని వెళ్ళిపోయింది.

అతను చదివాడు. తువ్వాలు దగ్గర వెన్నెల పకపకా నవ్వాడు. తలుపు వెనక నిలబడ్డ భర్త తనకే తెలియని తన మంచితనం గురించి వింటున్న చోట అధ్యక్షులవారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కింది అంతస్తులో ఎవరో లిఫ్టు కోసం తలుపు బాదితే, "ఉండండి, కథ నడుస్తోంది!" అని ఆయనే కసిరారు. ఇరవై నిమిషాలకి చివరి పేరా వచ్చింది. వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయారు, భార్య ఒక్కతే కుర్చీలో కూర్చుని ఉంది, భర్త తలుపు వెనకనుంచి బయటికొచ్చాడు.

"'కూర్చోండి, ఇప్పుడు మీరు చెప్పండి అంది ఆమె'" అని చదివి, అతను ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

లిఫ్టులోంచి మెల్లగా ఒక గొంతు అందుకుంది. "'చచ్చాక గానీ నా మాట వినడానికి నీకు తీరలేదా అని అతను అడగలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, చెప్పడం మొదలుపెట్టాడు.'"

అక్షరం పొల్లుపోలేదు. అవే ఆ కథలో చివరి వాక్యాలు.

అతను ఫోను కింద పెట్టేశాడు. జాలీ వెనక మూడో మొహం, ఇంతసేపూ అతను సరిగ్గా చూడనే చూడని మొహం, ఏదో తప్పు చేసినట్టు చూస్తోంది.

"మీరు చదివారా?" అన్నాడు.

"చదివానండీ."

"ఇదొక్కటేనా?"

"అరవై రెండూ. గుంపులోవన్నీ చదువుతానండీ. వెన్నెలగారి వంతెన కూడా. ఆయన ఆపినచోటే ఆపేస్తే మంచిదనిపించింది నాకు."

వెన్నెల నోరు తెరిచి ఆవిడ వంక చూశాడు.

"మరి ఎనిమిదేళ్ళలో ఒక్క మాటైనా పెట్టలేదేం?"

"కథ పెట్టేవాళ్ళే కదండీ అభిప్రాయాలు రాయాలి. నేను కథలు రాయను. చదువుకోవడానికే చేరాను."

"నేను బతికే ఉన్నానని మీకు మొదటి రోజే తెలుసు!" దాదాపు అరిచాడు అతను. "వీళ్ళకి చెప్పొచ్చుగా!"

ఆవిడ అదేం మాటన్నట్టు చూసింది. "చదవనివాళ్ళకి కథ చివర ఎలా చెప్పేస్తామండీ? తప్పు కదూ?"

మెకానిక్ ఏడ్చేశాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, గచ్చు మీద బాసింపట్టు వేసుకుని, గ్రీజు చేతులతో మొహం కప్పుకుని, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎనిమిదేళ్ళుగా అతనికో పాఠకురాలుంది. ఆవిణ్ణే గుంపులోంచి గెంటేయమని అందరికన్నా ముందు చెయ్యెత్తాడు. ఆ సంగతి అతను చెప్పబోతే, "తెలుసండీ, అది కూడా చదివాను" అంది ఆవిడ.

అతను లేచి తలుపు మూశాడు. లిఫ్టు కదిలి కిందికి సాగింది. మూడు మొహాలూ కనుమరుగవుతుంటే అతనికి కంగారు పుట్టింది, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లమీద పరుగందుకున్నాడు. నాలుగంతస్తులు దూకినట్టు దిగి, లిఫ్టు కంటే ముందే నేలకి చేరి, వగరుస్తూ జాలీ తలుపు తెరిచాడు. వెన్నెల, అధ్యక్షులవారు బయటికొచ్చారు. ఆవిడ ఇంకా లోపలే ఉంది.

"ఎక్కడెక్కడ బాగాలేదో చెప్పండి" అన్నాడు.

"అన్నీనా?"

"అన్నీ."

అతను మెట్టు మీద కూలబడ్డాడు. ఆవిడ చిటికెన వేలు మడిచింది. "మొదటి కథలో..." అని మొదలుపెట్టింది.